బెరడు లేని కట్టెలు

ఆ ఆదివారం మధ్యాహ్నం నేను నా భార్య చేతిలో ఉన్న ప్లేటును మాత్రమే ఆపాను. ఆమె పక్కనే కూర్చుని అదే మాంసం తింటున్నవాళ్లను ఆపలేదు. ఆ రోజు నేను చేసిన తప్పు ఇదే. దీనికి ముందు ఇంకో తప్పు కూడా జరిగింది, అది తెలియక చేసింది. దాన్నీ చెబుతాను గానీ, దాని చాటున నిలబడదామని కాదు.

అవి తొంభైల చివరి రోజులు. మాదాపూర్ దాటి కొత్తగూడ వైపు వెళ్తుంటే ఇళ్లకంటే బండరాళ్లే ఎక్కువ కనిపించేవి. రోజూ ఏదో ఒక మూల రాళ్లు పేల్చేవారు. కొత్తగా లేచిన పెద్ద అద్దాల భవనాన్ని చూడడానికి జనం పెళ్లాం పిల్లలతో స్కూటర్ల మీద వచ్చేవారు. అలాంటి చోట అద్దె కట్టే తాహతు మా కంపెనీకి లేదు. కొత్తగూడ చౌరస్తాకు లోపలగా ఒక రెండంతస్తుల ఇల్లు కిరాయికి తీసుకుని అందులో కంప్యూటర్లు పెట్టారు. నేను ప్రోగ్రాములు రాసేవాణ్ణి కాదు. జనరేటరుకు డీజిలు, అందరికీ టీలు, విరిగిన కుర్చీలు, కరెంటు పోయినప్పుడు పడే తిట్లు, ఇవన్నీ నా శాఖ.

మా డైరెక్టరు గారికి భోజనమంటే భక్తి. ఎక్కడో తిన్న పొగ మాంసం ఆయన నాలుక మీంచి దిగలేదు. ఒక ఇనప డ్రమ్మును వెల్డింగు షాపులో నిలువునా కోయించి, బందులు వేయించి, కింద నిప్పులకూ పైన మాంసానికీ జాలీలు పెట్టించారు. దాన్ని మేమందరం బార్బెక్యూ అనేవాళ్లం, వాచ్‌మన్ మాత్రం ‘డ్రమ్ము పొయ్యి’ అనేవాడు. బొగ్గు నిప్పుల మీద గట్టి కట్టె ముక్కలు వేసి, మూత దించితే, వాటి పొగలో మాంసం గంటల తరబడి మెల్లగా ఉడుకుతుంది. రుచంతా కట్టెలోనే ఉంటుందని డైరెక్టరు గారు చెప్పి, ఆ కట్టెలు సిద్ధం చేసే పని నాకు అప్పగించారు.

నిజం చెప్పాలంటే ఆ పని నాకు ఆఫీసు పని కంటే బాగా నచ్చింది. వేప పనికిరాదు, పొగ చేదు. నీలగిరి వేస్తే మాంసం జలుబు మందులా ఉంటుంది. చింత, మామిడి మంచివి. చలికాలంలో హఫీజ్‌పేట్ స్టేషను దగ్గరి కట్టెల దుకాణంలో మామిడి దుంగలు, కొంచెం చింత కొని తెచ్చాను. అడ్డంగా కోయించి, నిలువునా చీల్చి, ఆఫీసు వెనక గోడ పక్కన ఇటుకల మీద పేర్చాను. మధ్యలో గాలి ఆడేటట్టు సందులు వదిలాను. పచ్చి కట్టె పొగ తెల్లగా, చిక్కగా వచ్చి మాంసానికి మసి పూస్తుంది, అందుకే నెలల పాటు ఆరాలి. ఆరిందో లేదో తెలుసుకోవడానికి రెండు ముక్కల్ని ఒకదానితో ఒకటి కొట్టి చూడాలి. పచ్చిదైతే మొద్దుగా ‘దబ్’ మంటుంది. ఆరినదైతే ‘ఠంగ్’ మంటుంది. ఆ చప్పుడు వినడానికే నేను రోజూ ఒకసారి వెనక్కి వెళ్లేవాణ్ణి.

బెరడు మాడితే పొగ చేదెక్కుతుందని డైరెక్టరు గారు ఎక్కడో చదివారు. అందుకని మామిడి ముక్కలన్నిటికీ కూర్చుని బెరడు చెక్కేశాను. తెల్లగా, ఇప్పుడే స్నానం చేసి వచ్చినట్టు కనిపించేవి. వచ్చినవాళ్లకు చూపించేవాణ్ణి కూడా. బెరడుతో పాటు చెట్టు గుర్తు కూడా పోతుందని నాకు తట్టలేదు.

వాచ్‌మన్‌దీ అతని భార్యదీ పాలమూరు వైపు ఊరు. గేటు పక్క గదిలో ఉండేవారు. ఆమె ఆఫీసు ఊడ్చి, తుడిచి, టీలు పెట్టేది. గోడ వెంబడి చిక్కుడు గింజలు నాటుకుంది. ఆ వేసవిలో జనరేటరు లారీ లోపలికి రావడానికి గేటు వెడల్పు చేయాల్సివచ్చింది. గేటు పక్కన ఎప్పటివో పాత గన్నేరు చెట్లు వరసగా ఉంటే కొట్టించేశాం. వాటిలో తిన్నని కొమ్మలు ఏరి, చెదలు పట్టకుండా బెరడు తీసి, వాచ్‌మన్ తన భార్య చిక్కుడు తీగలకు పందిరి వేశాడు. బెరడు తీశాక మిగిలిన ముక్కల్ని పారేయకుండా ఎండలో బండ మీద వదిలేశాడు. వాటిని పొయ్యిలో పెట్టే ఆలోచన ఎవరికీ లేదు. గన్నేరు ఎవరు పెడతారు? మా గోదావరి వైపు గన్నేరు కాయ పట్టుకున్న పిల్లల చేతి మీద తల్లులు చరిచేవారు. గన్నేరు పప్పు అనే మాటను పెద్దలు గొంతు తగ్గించి పలికేవారు. ప్రతి ఊళ్లోనూ ఆ మాట పలకకూడని ఇల్లు ఒకటి ఉండేది.

శనివారం సాయంత్రం ఉన్నట్టుండి వాన కొట్టింది. నేను ఆఫీసులో లేను. వాచ్‌మన్ భార్య, సారు కట్టెలు తడుస్తాయని మామిడి ముక్కలన్నీ మోసుకెళ్లి మెట్ల కింద పెట్టి పరదా కప్పింది. వాన వెలిశాక వాచ్‌మన్ బండ మీది గన్నేరు ముక్కల్ని తెచ్చి, ఖాళీగా ఉన్న నా ఇటుకల మీద పేర్చాడు. ఇద్దరూ చేసింది మంచి పనే. ఆదివారం పొద్దున్నే వచ్చి, ఒక్క మాట అడగకుండా, ఆ ఇటుకల మీది ముక్కలు తీసుకున్నది నేను.

అవి సన్నగా అనిపించాయి. ఆరి కుంచించుకుపోయాయనుకున్నాను. రెండు తీసి కొట్టి చూశాను. ఠంగుమన్నాయి. ఆ చప్పుడు కట్టె ఆరిందని చెబుతుంది గానీ ఏ చెట్టుదో చెప్పదు. అన్నిటినీ పిడికిలంత ముక్కలుగా కొట్టి, జనరేటరు గదిలో విడిగా ఉంచిన చింత ముక్కలతో కలిపి, తట్టలో పోసి వాచ్‌మన్ భార్యకు ఇచ్చాను. ఆ రోజు పొగ చూసుకునే పని ఆమెది. పొగ సన్నగా, నీలంగా రావాలని, తెల్లబడితే కొంచెం మూత తీయమని నేర్పాను.

పొద్దుటి నుంచి ఆమె ఆ డ్రమ్ము దగ్గరే కూర్చుంది. గొర్రె తొడలు లోపల ఉన్నాయి. నేను కుర్చీలు వేయిస్తూ అటుగా వెళ్తే కళ్లు తుడుచుకుంటూ పిలిచింది.

“సారు, ఈ పొగకు జర తల తిరుగుతున్నది.”

గాలికి అటువైపు కూర్చోమన్నాను. అంతే. ఏ పొగైనా అలాగే ఉంటుందని వెళ్లిపోయాను.

మధ్యాహ్నానికి స్టాఫు కుటుంబాలతో వచ్చారు. షామియానా కింద పిల్లలు పరిగెడుతున్నారు. తొడలు కోసి ప్లేట్లలో పెడుతుంటే డైరెక్టరు గారు నా భుజం తట్టి, ఇదంతా ఇతని కట్టెల మహిమ అని అందరికీ వినబడేలా చెప్పారు. నేను సిగ్గుపడుతున్నట్టు నవ్వాను. తర్వాత కోళ్లు పెట్టాలి, ఇంకొంచెం కట్టె తెమ్మన్నారు. దారిలో, చాలని కుర్చీలు తీద్దామని మెట్ల కిందకు వంగాను. అక్కడ పరదా ఉంది. పరదా ఎత్తితే నా మామిడి ముక్కలు ఉన్నాయి. ఒక్కటీ తగ్గలేదు.

కాసేపు నాకు అర్థం కాలేదు. అర్థం కావడం మొదలయ్యాక గేటు దగ్గరకు నడిచాను. గోడ పక్కన ఇటుకల మీద ఉన్నవి ఏం కట్టెలని వాచ్‌మన్‌ను అడిగాను, ఏదో మామూలుగా అడిగినట్టు.

“అవా? గన్నేరు కట్టెలు సారు. చిక్కుడు పందిరికి కొట్టినయి మిగిలినయి. ఏంది, ఏమన్న కావాల్నా?”

ఏం లేదన్నాను.

ఆ రెండు మాటల మీద నేను ఇన్నేళ్లుగా నడుస్తున్నాను. గేటు నుంచి షామియానాకు ఎంతో దూరం లేదు. అంత దూరంలోనే ఎన్ని లెక్కలు వేశానో. అది పొగే కదా, పప్పు కాదు కదా. చింత కూడా కలిసింది కదా. ఇప్పుడు అరిస్తే పిల్లలు బెదిరిపోతారు, డైరెక్టరు గారి పరువు, నా ఉద్యోగం. ఇంతమంది తిన్నారు, ఎవరికీ ఏమీ కాలేదు. ఇన్ని లెక్కలు వేస్తూనే నా కాళ్లు ఎవర్నీ అడగకుండా నా భార్య దగ్గరకు వెళ్లాయి. ఆమె అప్పుడే ప్లేటు అందుకుంది. నేను ఆమె మణికట్టు పట్టుకున్నాను.

“తినకు,” అన్నాను మెల్లగా.

“ఏమైందండీ?”

“కారం ఎక్కువైంది. నీకు పడదు.”

ఆమె నా ముఖంలోకి చూసి ప్లేటు దించింది. ఆమె పక్కన ఒక తల్లి తన పిల్లకు మాంసం చిన్నచిన్న ముక్కలు చేసి పెడుతోంది. ఆ వేళ్లను నేను చూశాను. చూసి, డ్రమ్ము వైపు వెళ్లి, నిప్పులు ఎక్కువయ్యాయని బకెట్టు నీళ్లు కుమ్మరించాను. కోళ్లు పెట్టకుండా ఆపానన్న ఊరట ఒకటి అప్పుడు నాలో కలిగింది. దాన్ని తలచుకుంటే ఇప్పటికీ అసహ్యమేస్తుంది. నా చేతకానితనానికి డైరెక్టరు గారు విసుక్కున్నారు. ఆ విసుగు కూడా నాకు హాయిగానే ఉంది.

వెనక్కి వచ్చేసరికి నా భార్య చేతులు ఖాళీగా ఉన్నాయి. ప్లేటు ఏదని అడిగాను.

“పొద్దుట్నుంచీ ఆ పొగలో కూర్చుంది పాపం, వాచ్‌మన్ భార్యకిచ్చానండి. నేను ముట్టుకోలేదు, ఎంగిలి కాదు.”

కుళాయి దగ్గర ఆమె చేతులు కడుక్కుంటోంది. పక్కన ప్లేటులో ఎముక తప్ప ఏమీ లేదు. నన్ను చూసి కొంగుతో మూతి తుడుచుకుంటూ, మస్తుంది సారు అంది. అప్పుడైనా చెప్పవచ్చు. నేను ఆమె ముఖాన్ని పరీక్షగా చూస్తూ నిలబడ్డాను, రోగం అక్కడ రాసి ఉంటే చదువుదామన్నట్టు. పొద్దున్నే ఆమెకు తల తిరిగిందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. చిన్నప్పుడు మా వీధిలో విన్న ఏడుపులు ఏవేవో చెవుల్లోకి వచ్చాయి.

జనం బయలుదేరుతున్నారు. స్కూటర్లు, కార్లు ఒక్కొక్కటే వెళ్లిపోయాయి. ప్రతి బండీ గేటు దాటుతుంటే నేను చెయ్యి ఊపాను. వాళ్లు ఎక్కడెక్కడి ఇళ్లకు ఏం మోసుకెళ్తున్నారో తెలిసిన మనిషిని నేనొక్కణ్ణే.

తిన్న ప్లేట్లు మోస్తూ వాచ్‌మన్ భార్య గోడకు ఆనుకుని కూలబడింది. వాంతి చేసుకుంది. మళ్లీ చేసుకుంది. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి, ఎండదెబ్బ తాకిందని తల మీద నీళ్లు పోశాడు. నా భార్య మజ్జిగ తెచ్చింది. డైరెక్టరు గారు ఆఫీసు జీపు తీసుకెళ్లమన్నారు. కొండాపూర్ దారిలో ఒక చిన్న నర్సింగ్ హోము ఉండేది. జీపులో ఆమె తల భర్త ఒళ్లో ఉంది. నేను ముందు సీట్లో కూర్చుని వెనక్కి తిరగలేదు. ఆమె శ్వాస వినిపిస్తున్నంతసేపూ నాకు ప్రాణం ఉండేది, గుంతల్లో జీపు చప్పుడుకు అది వినబడకపోతే పోయేది.

డాక్టరు మధ్యవయసు మనిషి. నాడి పట్టుకుని గడియారం చూశాడు. స్టెతస్కోపు పెట్టి విన్నాడు. ఈసీజీ తీయించి ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. గుండె చాలా మెల్లగా కొట్టుకుంటోందని, ఎండదెబ్బకు ఇలా ఉండదని అన్నాడు. ఏం తిన్నదని వాచ్‌మన్‌ను అడిగాడు.

“బువ్వ తిన్నది, మాంసం తిన్నది. అందరు తిన్నదే సారు.”

డాక్టరు వాచ్‌మన్‌ను పక్కకు పిలిచాడు. పక్కకంటే ఎంత, నాకు వినపడేంత దగ్గరే. గొంతు తగ్గించాడు. నా చిన్నతనంలో పెద్దలు తగ్గించినట్టే తగ్గించాడు.

“ఇంట్ల లొల్లి ఏమన్న అయిందా? ఏమన్న మింగిందా? నాకు దాచకు. గన్నేరు పప్పు మింగినోళ్ల నాడి గిట్లనే ఉంటది. పోలీసులకు చెప్పాల్సొస్తది.”

వాచ్‌మన్‌కు ముందు ఆ మాట తలకెక్కలేదు. ఎక్కాక రెండు చేతులూ అడ్డంగా ఊపాడు.

“లొల్లి లేదు సారు. నా పెండ్లాన్ని నేనెందుకు... పొద్దున నవ్వుకుంటనే ఉండె. ఈ సారును అడుగుర్రి.”

అతను నావైపు చేయి చూపాడు. తన మంచితనానికి నన్ను సాక్షి పెట్టుకున్నాడు. అంతవరకూ నా భయం నా గురించే. ఆ చేయి చూశాక అంతకంటే పెద్ద భయం వేసింది, నేను ఇప్పుడు కూడా నోరు తెరవనేమోనని. నా గొంతు నాకు తెలియకుండానే వచ్చేసింది.

“ఆమె ఏమీ మింగలేదండి. మాంసానికి పొగ పెట్టింది గన్నేరు కట్టెలతో. పెట్టింది నేను. మామిడి అనుకున్నాను. పొద్దుటి నుంచి ఆ పొగ పీల్చింది, ఆ మాంసమే తిన్నది.”

డాక్టరు నన్ను తిట్టలేదు. నర్సును పిలిచి ఏవో ఇంజెక్షన్లు చెప్పి, నావైపు తిరగకుండానే, ఇంకా ఎవరు తిన్నారని అడిగాడు. చాలామంది అన్నాను. ఎవరికైనా వాంతులు, కళ్లు తిరగడం ఉంటే దగ్గర్లోని దవాఖానకు వెంటనే పోవాలని, పోయినచోట గన్నేరు అని పేరు పెట్టి చెప్పాలని, ఆ సంగతి వెళ్లి వాళ్లకు చెప్పమని అన్నాడు. పొగతో విషం మాంసానికి ఎంత పడుతుందో తను చెప్పలేనని, ఈమెకు పొగ వల్ల వచ్చిందో ప్లేటు వల్ల వచ్చిందో కూడా తెలియదని అన్నాడు. నాకు ఆ తేడా ఇప్పటికీ అక్కర్లేదు.

వెళ్లబోయే ముందు వాచ్‌మన్ బల్ల మీద కూర్చుని ఉంటే ఆగాను. మిగిలిన సగం కూడా చెప్పాను. గేటు దగ్గర నువ్వు చెప్పగానే నాకు తెలిసింది, నా భార్య ప్లేటు ఆపాను, మీ ఇంటామెను ఆపలేదు, ఆ ప్లేటే ఆమె తిన్నది.

అతను నేల వైపు చూస్తూనే అన్నాడు.

“మీ ఇంటామె యాదికొచ్చింది. మా ఇంటామె నీ ముంగట్నే ఉండె గద సారు.”

ఎప్పుడూ ‘మీరు’ అనే మనిషి ఆ ఒక్కసారి ‘నీ’ అన్నాడు. అది నాకు సరిపోయింది, అంతకంటే ఎక్కువ అన్నా సరిపోయేది.

బయట బూత్ నుంచి డైరెక్టరు గారికి ఫోను చేశాను. జరిగిందంతా ఆయన విన్నారు. తర్వాత, అనవసరంగా అందరినీ పరేషాన్ చేయడం ఎందుకు, ఎవరికైనా బాగోలేకపోతే వాళ్లే చెబుతారు, మాంసం పాడైందని చెబుదాం అన్నారు. మధ్యాహ్నం గేటు దగ్గర నేను వేసుకున్న లెక్కే అది. ఇంకొకరి నోట వింటే ఎంత వికారంగా ఉందో. కుదరదండీ అని ఫోను పెట్టేశాను.

ఆఫీసుకు వెళ్లి నా స్కూటరు తీసుకుని ఇల్లిల్లూ తిరిగాను. దగ్గరివాళ్లు కొత్తగూడలో, మరికొందరు హఫీజ్‌పేట్ కాలనీల్లో, ఇద్దరు బాచుపల్లిలో. అప్పట్లో అందరిళ్లలో ఫోన్లు లేవు, ఉన్నా ఈ మాట ఫోన్లో చెప్పేది కాదనుకున్నాను. ప్రతి తలుపు తట్టేముందూ లోపల ఏడుపు వినబడుతుందేమోనని చెవి పెట్టేవాణ్ణి. టీవీ చప్పుడు వింటే ఊపిరి వచ్చేది. ఒకాయన నవ్వి, అందుకేనా అంత రుచిగా ఉంది అన్నాడు. నేను నవ్వకపోయేసరికి ఆయన ముఖం మారింది. మాంసం చిన్నముక్కలు చేసి పెట్టిన ఆ తల్లి బాచుపల్లిలో ఉండేది. పిల్లకు ఒకసారి వాంతి అయిందని చెప్పి, నేను చెప్పింది విని, చెప్పు తీసినంత పని చేసింది. తీయవలసిందే. పిల్లను, వాళ్లాయనను నా స్కూటరు మీదే ఎక్కించుకుని డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాను. నాడి బాగానే ఉంది, ఎండలో పరుగులు పెట్టడం వల్ల కావచ్చన్నారు. ఆ గది బయట గోడకు తల ఆనించి నిలబడ్డాను.

దీపాలు పెట్టే వేళకు నర్సింగ్ హోముకు తిరిగి వచ్చాను. లోపలికి వెళ్లడానికి ధైర్యం చాలలేదు. నర్సు బయటకు వచ్చి, కొంచెం నయం, రేపు పొద్దున్న దాకా ఏమీ చెప్పలేం అంది. నా భార్య అప్పటికే అక్కడికి వచ్చి ఆమె మంచం పక్కన కూర్చుని ఉంది. వాచ్‌మన్ చెప్పాడో, డాక్టరు చెప్పాడో, అంతా తెలిసింది. గుమ్మం దగ్గరకు వచ్చి, నావైపు చూసి ఒక్క మాట అంది.

“నా చెయ్యి పట్టుకున్నారు చూడండి, అలా గట్టిగా ఒక్క కేక వేయాల్సిందండి.”



తెల్లారాక వాచ్‌మన్ భార్య కళ్లు తెరిచి టీ అడిగింది. గుండె మెల్లగా దారిలో పడింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు కొన్నాళ్లు పొయ్యి పొగ దగ్గరకు వెళ్లొద్దని చెప్పాడు. వాళ్లది కట్టెల పొయ్యి. మా ఇంటి గ్యాసు పొయ్యి మీద నా భార్య వండితే, నేను రెండు పూటలా క్యారియరు తీసుకుని గేటు పక్క గదికి వెళ్లేవాణ్ణి. ఆఫీసుకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి. సోమవారం నాడే అందరి ముందూ జరిగిందంతా చెప్పి, గేటు దగ్గర ఏం లేదు అన్న మాట కూడా దాచకుండా చెప్పాను. డైరెక్టరు గారు ఉద్యోగం తీయలేదు గానీ ఆ డ్రమ్మును పాత ఇనుము వాడికి ఇచ్చేశారు. ఆ తర్వాత ఎవరికి కట్టెలు సిద్ధం చేసినా, ప్రతి ముక్క మీద అరచేయంత బెరడు, వాచ్‌మన్ వాళ్ల మాటలో పట్ట, వదిలేస్తాను. కాస్త చేదు వచ్చినా సరే, ఏ చెట్టో తెలియాలి.

మొదటి రోజు క్యారియరు మూత తీసినప్పుడు వాచ్‌మన్ భార్య ముట్టుకోలేదు. అన్నం వైపు, నా వైపు చూసింది. భయపడుతోందని అర్థమైంది. ఆ భయం నేను పెట్టిందే. నేను నేల మీద కూర్చుని, ఆమె కంచంలోంచే ఒక ముద్ద తీసుకుని కలిపి తిన్నాను. అడ్డం వచ్చిన వాచ్‌మన్‌ను వద్దన్నాను. ఎంగిలి కాకుండా ఉండాలంటే ఇంకో కంచం ఉందని ఆమె గొణిగింది. ఈ కంచమే అన్నాను. అప్పుడు ఆమె తిన్నది.

అప్పటినుంచి ప్రతి పూటా మొదటి ముద్ద నాదే. ఒకరోజు సాయంత్రం పప్పుచారు పట్టుకెళ్లాను. ఆమె గోడకు ఆనుకుని చిక్కుడు తీగల్ని చూస్తూ కూర్చుంది. పందిరి గుంజలు ఆ తెల్లటి గన్నేరువే, వాటి మీద పాకిన తీగలకు పూత వచ్చింది. మూత తీసి ముందు పెట్టాను.

“ఇయ్యాల ఏం కట్టె మీద వండిన్రు సారు?”

గ్యాసు మీదమ్మా అన్నాను, తల ఎత్తకుండా.

“గ్యాసుకు పట్ట ఉండదు గద, ఎట్ల గుర్తువడ్తరు?” అని మొగుడి వైపు చూసి నవ్వింది. “తినుర్రి. మీరు తిన్నంక సూస్త.”

నేను ముద్ద కలిపి తిన్నాను. ఆమె కంచం తన వైపు లాక్కుంది.